ఆరో ఫోటో

ఫోటోలు పెట్టిన గంటన్నరకు హన్నా మళ్లీ ఫోన్ చేతిలోకి తీసుకుంది. చూసిన మనిషి చూసినట్టే నిలబడిపోయింది. పొయ్యి మీద పాలు పొంగి, బర్నర్ చుట్టూ కారి, మాడు వాసన ఇల్లంతా పట్టినా కదల్లేదు.

ఆమె పెట్టినవి ఆరు ఫోటోలు. ఫిబ్రవరి నుంచి జూలై దాకా, నెలాఖరుకు ఒకటి చొప్పున, ఇంటి ఆకుపచ్చ తలుపు ముందు నిలబడి దిగినవి. ఎనభై రెండు కిలోల మనిషి అరవై మూడున్నర ఎలా అయిందో వాటిలో అంచెలంచెలుగా కనిపిస్తుంది. చర్చి స్త్రీల గ్రూపులో అరవై మందికి పైగా ఉన్నారు. గుర్తే పట్టలేకపోయామంటారనుకుంది. ఏం తిన్నావు, ఏం మానేశావు అని వెంటపడతారనుకుంది. ఒకరిద్దరు కుళ్లుకుంటారని కూడా లోలోపల ఆశపడింది.

కింద వచ్చినవి ఇవి.

"ప్రార్థన చేస్తానం తల్లీ. ధైర్యంగుండు."

"ఏ దవాఖానల చూపిస్తాన్రు బిడ్డా? డాక్టర్లు ఏమన్నరు?"

"పాపను నా దగ్గర ఇడ్సిపెట్టు, నేను జూసుకుంట."

ఆ తర్వాత చేతులు జోడించిన బొమ్మలు, ఒకదాని కింద ఒకటి, ఎంత జరిపినా అయిపోకుండా. అన్నిటికంటే కింద పాస్టరమ్మ పెట్టిన ముక్క: "ఈరోజు ఉపవాస ప్రార్థన మొత్తం మన హన్నా కోసమే. అందరూ తప్పక రండి."

ఉపవాస ప్రార్థనా? హన్నా గోడ మీది క్యాలెండర్ వైపు చూసింది. ఆ రోజు శుక్రవారం.

శుక్రవారమని తెలిస్తే ఆమె చచ్చినా పెట్టేది కాదు. ఆ చర్చిలో ఒక కట్టుబాటు ఉంది. ఒకప్పుడు రోగుల గురించి గ్రూపులో పొడుగు పొడుగు వాయిస్ మెసేజులు వచ్చేవి. ఎవరింట్లో ఏ రోగమో వాడకట్టంతా తెలిసిపోయి రెండు మూడు కొట్లాటలు కూడా అయ్యాయి. అప్పుడు పాస్టరమ్మ గీత గీసింది. శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నర లోపల, ఎవరికి బాగాలేదో వాళ్ల ఫోటో పెట్టాలి. ఒక్క మాట రాయకూడదు. ఫోటో చాలు, మిగతాది దేవుడికి తెలుసు. పదిన్నరకు ఆడవాళ్లంతా చర్చిలో చాపల మీద కూర్చుని, ఆ ఫోటో ఉన్న ఫోన్‌ను మధ్యలో పెట్టి, దాని మీద చేతులుంచి ప్రార్థిస్తారు.

హన్నా సరిగ్గా తొమ్మిదింపావుకు పెట్టింది. మాట రాయలేదు. రాయాలనే అనుకుంది కానీ, ఫోన్‌లో తెలుగు అక్షరాలు వెతికి నొక్కడానికి ఆమెకు చాలాసేపు పడుతుంది. ఈలోగా పాప కీర్తన గుక్కపెట్టి ఏడ్చింది. జూలై నెలంతా పాపకు వచ్చిపోయే జ్వరమే. నిద్రలేక హన్నాకు వారాలు కూడా గుర్తుండటం మానేశాయి. అది గురువారమే అనుకుంటోంది.

అసలు ఆ ఫోటోలు ఆమెకు ఎందుకంత ముఖ్యమో ఆ అరవై మందిలో ఒక్కరికీ చెప్పలేదు.

హన్నా ఇంటర్ మొదటి ఏడాదిలో ఉండగా వాళ్లమ్మ ఎస్తేరు సన్నబడటం మొదలుపెట్టింది. మొదట్లో అందరూ మెచ్చుకున్నారు. "మంచిగైనవ్ ఎస్తేరూ, పెండ్లిపిల్ల లెక్కున్నవ్" అన్నారు. ఎస్తేరు మురిసిపోయింది. మూడు నెలలు మురిసిపోయింది. అది షుగర్ అని తెలిసేసరికి లోపల కిడ్నీలు సగం పోయాయన్నారు. హన్నా కాలేజీ మానేసి అమ్మకు వండిపెట్టింది, బట్టలు మార్చింది, ఎత్తి కూర్చోబెట్టింది. ఆ క్రిస్మస్‌కు అమ్మ లేదు. హన్నా మళ్లీ కాలేజీ గడప తొక్కలేదు.

కీర్తన కడుపులో ఉన్నప్పుడు హన్నాకు కూడా షుగర్ కనపడింది. కాన్పయి ఇంటికి వస్తుంటే నర్సు రెండు మాటలు చెప్పింది. నెలన్నర తర్వాత వచ్చి మళ్లీ రక్తపరీక్ష చేయించుకో అన్నది ఒకటి. లావు తగ్గు, తగ్గకపోతే ఇది మళ్లీ వస్తుందన్నది రెండోది. మొదటి మాట హన్నా వదిలేసింది. ఆ కాగితం మీద ఏ అంకె వస్తుందోనని భయపడి ఆ దవాఖాన దారే తొక్కలేదు. రెండో మాటను మాత్రం గట్టిగా పట్టుకుంది. లావు తగ్గితే అమ్మకు వచ్చింది నాకు రాదు, నా బిడ్డ నాలాగా తల్లిలేనిది కాదు. ఇదీ ఆమె కట్టుకున్న లెక్క.

పట్టుకుందే గానీ ఏడాది దాకా ఏమీ చేయలేదు. మొన్నటి క్రిస్మస్ ఆరాధనలో, ముందు వరుసలో కూర్చునే సుగుణమ్మ వెనక్కి తిరిగి ఆమెను ఎగాదిగా చూసి, "ఏందే హన్నా, పాప ఇంక పాలే మానలే, మళ్ల నెల తప్పినవా?" అంది. బెంచీ బెంచీ నవ్వింది. ఆ జనవరి నుంచి హన్నా తెల్లారకముందే లేచి శివనగర్ నుంచి ఖిలా దాకా నడిచి, మట్టికోట గోడ ముట్టుకుని తిరిగివచ్చేది. రాత్రి అన్నం మానేసి ఒక జొన్నరొట్టెతో సరిపెట్టుకుంది. నెలాఖరుకు మెడికల్ షాపు ముందున్న కాంటా ఎక్కేది, ఇంటికొచ్చి తలుపు ముందు నిలబడేది. మొగుడు శామ్యూల్ ఫోటో తీసేవాడు. ఎనభై రెండు, డెబ్బై తొమ్మిది, డెబ్బై ఏడు, డెబ్బై నాలుగున్నర, డెబ్బై రెండు.

జూలై ఆఖరున కాంటా అరవై మూడున్నర చూపించింది. హన్నా దిగి మళ్లీ ఎక్కింది. అదే అంకె.

శామ్యూల్ రోజూ రైలెక్కి కేసముద్రం మార్కెట్ యార్డుకు పోయి మొక్కజొన్న కాంటా దగ్గర పనిచేస్తాడు. పొద్దస్తమానం తూకాలే. ఆ మాట వినగానే కళ్లెగరేశాడు. "ఒక్క నెలల ఎనిమిదిన్నర కిలోలా? మా యార్డుల మక్కల బస్తా గింత తగ్గితే, చిల్లు యాడున్నదో అని ఎతుకుతం."

"నీ కండ్లల్ల మన్ను వడ! పెండ్లాం సన్నబడ్డదని సంబురపడక చిల్లంటవా?" అని హన్నా చపాతీ కర్ర ఎత్తింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

మొదటి ఐదు ఫోటోల్లో వేసుకున్న ఎర్ర చుడీదార్ ఆ రోజు భుజాల మీద నిలవనే లేదు. జాకెట్లన్నీ గోనెసంచుల్లా వేలాడుతున్నాయి. అప్పుడు అమ్మ ట్రంకుపెట్టె తెరిచి, అడుగున ఉన్న ఆకుపచ్చ జాకెట్టు తీసి వేసుకుంది. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. అమ్మ జాకెట్టు తనకు పట్టిందని హన్నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దానిమీద అమ్మ చీరే కట్టుకుని ఆరో ఫోటో దిగింది. ఆ వారమంతా చీర కట్టినప్పుడల్లా ఆ జాకెట్టే. ఈరోజు ఒంటిమీద ఉన్నవీ ఆ చీరా, ఆ జాకెట్టే.

ఇప్పుడు ఆ ఫోటో మీద ఇరవై మంది చేతులు పెట్టి రోగిష్టిదాని కోసం ఏడుస్తున్నారన్న మాట!

అక్షరాలు వెతుక్కుంటూ కూర్చుంటే లాభం లేదు. ప్రార్థనలో ఫోన్ ఎవరు చూస్తారు? హన్నా పొయ్యి ఆపింది. సీసాడు నీళ్లు ఎత్తిపట్టి తాగింది. గొంతు తడిసినట్టే అనిపించలేదు. మళ్లీ నింపి చేతిలో పట్టుకుని, పాపను చంకనేసుకుని బయల్దేరింది. చర్చి రెండు సందుల అవతలే. అయినా దారిలో రెండుసార్లు ఆగి ఎవరి అరుగో పట్టుకోవలసి వచ్చింది. కోపానికి ఆయాసం వస్తోందనుకుంది.

చర్చి గుమ్మంలో చెప్పులు గుట్టగా ఉన్నాయి. లోపల నుంచి పాస్టరమ్మ గొంతు వణుకుతూ వినపడుతోంది.

"తండ్రీ, ఈ బిడ్డ దిక్కు చూడు తండ్రీ. తల్లి లేని బిడ్డ. తల్లి పోయిన తొవ్వలనే పోతాంది. దీని పాపను దిక్కులేనిదాన్ని చెయ్యకు ప్రభువా..."

ఆ మాట చెవిన పడగానే హన్నా గుమ్మంలోనే ఆగిపోయింది. ఏ మాటను రెండేళ్లుగా తన మనసులో కూడా అనుకోకుండా దాచిపెట్టిందో, ఆ మాటే మైకు అక్కర్లేనంత గట్టిగా బయటికి వస్తోంది. చాపల మధ్య చిన్న స్టూలు, స్టూలు మీద ఫోన్, దానిమీద ఒకదానిపై ఒకటి ఇన్ని చేతులు. కొందరు కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నారు.

"అమ్మగారూ! ఆపుండ్రి! నాకేం కాలే!"

అన్ని తలలూ ఒక్కసారిగా గుమ్మం వైపు తిరిగాయి. ముందు కూర్చున్న సుగుణమ్మ ముఖం తెల్లగా పాలిపోయింది.

"ఎస్తేరక్కా..." అంది.

పక్కనున్నామె సుగుణమ్మ చేయి గట్టిగా పట్టుకుంది. "ఎస్తేరు కాదే, హన్నానే. సరిగ జూడు."

"ఆ చీర... ఆ జాకెట్... అచ్చం గదే మనిషి" అని సుగుణమ్మ గుండెల మీద చేయి వేసుకుంది.

హన్నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒంటిమీది అమ్మ చీర వైపు చూసుకుంది. కానీ వచ్చిన పని ముఖ్యం. గబగబా చెప్పేసింది. రోగం లేదు, నొప్పి లేదు, లావు తగ్గాలని కావాలనే తగ్గాను, మీకు చూపించి సాక్ష్యం చెప్పుకుందామని పెట్టాను, వారం మర్చిపోయాను, క్షమించండి.

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. అది చాప చాపకూ పాకింది. ఏడ్చిన కళ్లతోనే నవ్వారు.

"నీ ఇల్లు బంగారంగాను! పొద్దటి సంది పచ్చి మంచినీళ్లు ముట్టకుంట ఏడుస్తిమి గదనే" అంది ఒకామె.

సుగుణమ్మకు ఊపిరి తిరిగి వచ్చింది. దానితో నోరు కూడా. "తగ్గితే తగ్గినవ్ గని, మమ్ములను సంపుతివి. మా ఆయన దవాఖానకు ఆటో మాట్లాడుతనని తయారైండు. అవునే, అప్పుడు నేనన్న మాటకేనా ఇంత జేసినవ్?"

"నీ మాటకే అత్తా. ఇప్పుడు అడుగు, నెల తప్పినవా అని."

అందరూ గొల్లుమన్నారు. హన్నాకు మొదటిసారి ఒంట్లోకి ప్రాణం వచ్చింది. ఇదిగో, ఇదే తను కోరుకున్నది. పాస్టరమ్మ ఫోన్ ఎత్తి ఆమె చేతికిచ్చింది. "అయితే సాక్ష్యం చెప్పు మరి. ఏం జేసినవో అందరు వింటరు."

హన్నా పాపను దింపి, ఫోన్ పట్టుకుని మొదటి ఫోటో చూపించింది. "ఇది ఫిబ్రవరి. అప్పుడే నడక అలవాటైంది." రెండోది తిప్పింది. "ఇప్పుడు రాత్రి అన్నం మానేసిన." మూడోది. "చాయల చక్కెర బంద్." నాలుగోది, ఐదోది. ప్రతిదానికీ ఒక మాట ఉంది, ఆ మాట వెనుక ఆకలి చంపుకున్న రోజులున్నాయి. ఆరోది తిప్పింది.

"ఈ నెల..." అంది.

ఆగిపోయింది.

జూలైలో ఒక్క రోజు కూడా నడవలేదు. వానలు, పాప జ్వరం. రొట్టె చేసుకునే ఓపిక లేక రాత్రిళ్లు అన్నమే తిన్నది. తిన్నదేమిటి, ఎప్పుడూ లేనంత ఆకలై రెండుసార్లు పెట్టుకుని తిన్నది. పాప వదిలేసిన బిస్కెట్లు కూడా. ఐదు నెలలు చెమటోడిస్తే పది కిలోలు తగ్గినామె, ఏమీ చేయని నెలలో ఎనిమిదిన్నర తగ్గింది. ఆ సంగతి తనకు తెలియంది కాదు. దేవుడు జాలిపడి ఇచ్చాడనుకుంది. అంతకుమించి ఆలోచించకుండా తనను తాను కాపాడుకుంది.

"చెప్పు, ఈ నెల ఏం జేసినవ్? గదే కావాలె మాకు" అంది సుగుణమ్మ.

"ఏం... ఏం జెయ్యలే" అంది హన్నా.

గోడకు ఆనుకుని కూర్చున్న సమ్మమ్మ అప్పటిదాకా నవ్వలేదు. దవాఖానలో ముప్పై ఏళ్లు ఆయాగా చేసి రిటైరైన మనిషి. ఎస్తేరు మంచం పట్టినప్పుడు హన్నాతో పాటు పక్కన కూర్చున్నది ఆమె ఒక్కతే. "ఇటు రా బిడ్డా. నా దగ్గర కూసో" అంది.

హన్నా కూర్చుంది. సమ్మమ్మ ఏమీ అడగలేదు. కొంగు పక్కకు జరిపి, జాకెట్టు అంచు పట్టుకుని లోపలివైపుకు మడిచి చూసింది. ఆకుపచ్చ దారంతో టైలర్ వేసిన కుట్టు ఒకటి. దానికి రెండు వేళ్లు లోపలగా, వంకరటింకరగా, నీలం దారంతో ఇంకో కుట్టు.

"ఈ నీలం దారం నాది" అంది సమ్మమ్మ. "ఆఖరి ఈస్టర్‌కు మీ అమ్మ ఈ జాకెట్ ఏసుకుంటనన్నది. ఏస్తే భుజం మీద నిలవలే. రెండు దిక్కుల లోపలికి వట్టి నా చేతులతోని నేనే కుట్టిన. పచ్చ దారం దొరకలే. అప్పటికి మీ అమ్మ సగం మనిషైంది బిడ్డా. ఇది ఎస్తేరు జాకెట్ కాదు. ఎస్తేరు రోగం జాకెట్."

ఆమె ఆ కుట్టు మీద వేలు పెట్టింది.

"ఇది నీకు పట్టింది" అంది సమ్మమ్మ.

హన్నా ఆ నీలం దారం వైపే చూస్తూ ఉండిపోయింది. వేసుకునేటప్పుడు చూసింది. చూసి కూడా అమ్మ దారం అనుకుని ముద్దుపెట్టుకుంది.

"దూప బాగైతాందా?"

హన్నా చేతిలోని సీసా చూసుకుంది. ఇంటి దగ్గర నింపింది ఎప్పుడు తాగేసిందో, ఖాళీగా ఉంది.

"బాత్రూంకు మాటిమాటికి లేస్తానవా?"

"పాప జ్వరానికి లేస్తాన గదా పెద్దమ్మా... అట్లనే పోయొస్తాన" అంది.

పాస్టరమ్మ అప్పటికే లేచింది. పాస్టర్ అయ్యగారికి పదేళ్లుగా షుగర్. చర్చి వెనుకే ఇల్లు. ఆయన షుగర్ చూసుకునే మిషన్ తెచ్చి, హన్నా వేలు తుడిచి, సూదితో పొడిచింది. నెత్తుటి చుక్కను పట్టీకి తాకించింది. ఐదు లెక్కపెట్టేంతలో మిషన్ కుయ్యిమంది.

పాస్టరమ్మ అంకె చూసి రెండో చేతి వేలు పట్టుకుని ఇంకో పట్టీతో మళ్లీ చూసింది. అప్పుడు నేల మీద చతికిలబడింది.

"నాలుగు వందల నలభై ఏడు" అంది. "మొదలు నాలుగు వందల యాభై రెండు వచ్చింది. అయ్యగారికి రెండొందలు దాటితేనే నేను ఆగమాగమైత... యేసయ్యా, ఈ పిల్ల నడ్సుకుంట ఎట్లొచ్చింది?"

సుగుణమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. హన్నాకు ఆ అంకె చెవి దాకా వచ్చి ఆగిపోయింది. చుట్టూ అందరి నోళ్లూ కదులుతున్నాయి. మాటలు తెలియడం లేదు. ఎదురుగా కీర్తన ఖాళీ సీసాను నేలకేసి కొడుతూ నవ్వుతోంది. అది ఒక్కటే వినపడుతోంది.

ఆటోలో సమ్మమ్మ ఒక పక్క, సుగుణమ్మ ఒక పక్క. కీర్తన పాస్టరమ్మ దగ్గర ఆగింది. శామ్యూల్‌కు ఫోన్ చేసింది సుగుణమ్మే. అవతల యార్డులో హమాలీల కేకలు. ఇవతల ఆమె అంకె చెప్పింది. "బండెక్కుతాన" అని పెట్టేశాడు.

పెద్ద దవాఖానలో వెంటనే సెలైన్ ఎక్కించారు. ఇన్సులిన్ ఇచ్చారు. చిన్న వయసు డాక్టరమ్మ కాగితాలు చూస్తూ, "ఇంకో వారం ఆగితే సోయి తప్పినంక తెస్తుంటిరి. కిడ్నీలు బానే ఉన్నయ్, టైముకొచ్చిన్రు" అంది. తర్వాత తలెత్తి, "కడుపుతో ఉన్నప్పుడు షుగర్ ఉండె గదా? కాన్పైనంక పరీక్ష చేయించుకున్నవా?" అని అడిగింది.

హన్నా తల గోడ వైపు తిప్పుకుంది.

పొద్దు వాలుతుండగా శామ్యూల్ వచ్చాడు. చొక్కా మీద మక్కల దుమ్ము అలాగే ఉంది. మంచం పక్కన నిలబడి ఆమెను చూశాడు. ఆమె కూడా చూసింది. చపాతీ కర్ర ఎత్తి నవ్విన రోజు ఇద్దరికీ గుర్తొచ్చింది. అతను వంగి, ఆమె మణికట్టును బొటనవేలితో, చూపుడువేలితో చుట్టి పట్టుకున్నాడు. వేళ్లు కలిసి, ఇంకా జాగా మిగిలింది.

దిండు పక్కన ఫోన్ మోగింది. మెసేజ్. వర్ధన్నపేటలో ఉండే చిన్నమ్మ కూతురు ప్రీతి. ఆమెకు కాన్పయి ఆరు నెలలు.

"అక్కా!! మా అత్తమ్మకు ఎవరో నీ ఫోటోలు పంపిన్రు, చూసిన. షాకే షాక్! హీరోయిన్ లెక్కైనవ్. ఆఖరి నెల ఏం జేసినవే? నాగ్గూడ చెప్పు, నాకు గట్లనే కావాలె. నేను ఇంక డెబ్బై ఆరు మీదనే ఉన్న." కింద వరుసగా ఎర్ర గుండెలు.

పొద్దున ఇలాంటి మాట ఒక్కటి వచ్చి ఉంటే హన్నా గాలిలో తేలిపోయేది. ఇప్పుడు మొదటి నుంచి మళ్లీ చదివింది. ప్రీతికి ఏడో నెలలో షుగర్ వచ్చిందని, తీపి మానేయమన్నారని చిన్నమ్మ ఫోన్‌లో చెప్పిన సంగతి గుర్తొచ్చింది.

"నేను కొట్టాల్నా? ఏం రాయాలె?" అన్నాడు శామ్యూల్.

"వద్దు. నేనే."

ఒక్కో అక్షరం వెతికింది. సెలైన్ చేయి బరువుగా ఉంది. రాయడానికి పొద్దుటికంటే ఎక్కువసేపు పట్టింది. ఈసారి ఎవరు ఏడ్చినా మధ్యలో వదల్లేదు.

"ఐదు ఫోటోల దాంక నేను తగ్గిన. ఆరోది రోగం. అది అడగకు. కాన్పైనంక షుగర్ పరీక్ష చేయించుకున్నవా?"

పంపింది. రెండు గీతలు నీలమయ్యాయి. ప్రీతి చదివింది. పైన 'టైపింగ్' అని కనపడింది. ఆగిపోయింది. మళ్లీ కనపడింది. మళ్లీ ఆగిపోయింది.

హన్నా ఇక ఆగలేదు. ఫోన్ చేసింది.

"అక్కా... ఇంక పోలే" అంది ప్రీతి అవతల నుంచి.

"రేపు పొద్దుగాలనే పరీక్షకు పోతానవ్" అంది హన్నా. "నాకు భయమైతాంది అంటవు. తెల్సు. నాకు రెండేండ్ల సంది అయింది."